అన్నం మానేసిన క్రేన్ డ్రైవరు, ఒళ్లంతా నొప్పులు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. నేను ఏడంతస్తులు అన్నచోట మీరు నాలుగు అనుకోండి. "ఊరంతా కదిలొచ్చింది" అంటే ఒక టాక్సీలో పట్టినంత మంది వచ్చారని అర్థం. యాంగోన్‌లో నాతో పెరిగినవాళ్లు ఈ తరుగు తీసేసే నా మాట వింటారు. మీరేమో ఫిజియోథెరపీలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న మన తెలుగు పిల్లలు. మీకు నా సంగతి తెలియదు కాబట్టి హెచ్చరించడం నా ధర్మం.

నేనింకా ముసలివాణ్ణి కాలేదు. మీసం నల్లగానే ఉంది (రంగు వేసుకోవడం అబద్ధం కింద రాదు). రిటైరయింది నా బొటనవేళ్లు. వాటి వెంట నేనూ వచ్చేశాను. ఆ రెండు వేళ్లతో నేను నొక్కిన నడుములన్నీ వరసగా పేర్చుకుంటూ పోతే యాంగోన్ నడిబొడ్డున చౌక్తడాలో మొదలై మాండలే దాటి చైనా సరిహద్దు దాకా పోతాయి. అక్కడ కూడా కస్టమ్స్ వాళ్లు ఆపితేనే ఆగుతాయి.

ప్రమోషన్ల సంగతి రాయను. మా క్లినిక్‌లో ప్రమోషన్ అంటే ఫ్యాను కిందికి మన బల్లను జరపడం. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊళ్లో అదేం గొప్ప?

అసలు పని

కాలేజీలో మీకు కండరాల పేర్లు నేర్పుతారు. శ్రద్ధగా నేర్చుకోండి, పేషంట్లను బెదిరించడానికి పనికొస్తాయి. అసలు పని మాత్రం చెవులతో చేసేది. కోర్టు వీధి ప్లీడరు ఒకాయనకు కేసు ఉన్న రోజే నడుం పట్టేసేది. వాయిదా పడిందని ఫోను రాగానే నా బల్ల మీదినుంచి జింకలా దూకేవాడు. ఆ జబ్బుకు ఏ పుస్తకంలోనూ పేరు లేదు. నేను మాత్రం ఏళ్ల తరబడి దానికి హీట్ ప్యాక్ పెట్టాను. ఆయనకు నయం కాలేదు, నాకు చట్టం బాగా వచ్చింది.

నొప్పి ఎక్కడుందో పేషంటు చెబుతాడు. ఎందుకుందో అతనికి తెలియదు. తెలియనిదాన్నే గట్టిగా చెబుతాడు. ఇంకా గట్టిగా మనం చెబుతాం. ఈ రెండు గట్టి మాటల మధ్య నలిగిపోయినవాడు సింహాచలం. అతని కథ చెప్పేముందు మా పెద్ద డాక్టరు గురించి చెప్పాలి.

సయాజీ

మా క్లినిక్ యజమానిని అందరం సయాజీ అనేవాళ్లం. సయా అంటే గురువు, సయాజీ అంటే మహా గురువు అని. ఆయన దృష్టిలో అది కాస్త తగ్గించి పిలవడమే. రోగి తలుపు తోసుకుని లోపలికి వచ్చేలోగా ఆయన జబ్బు కనిపెట్టేసేవాడు. కొందరికి మెట్ల మీద ఉండగానే కనిపెట్టేశాడు. ఒకసారి మందుల కంపెనీ కుర్రవాడికి రోగం చెప్పి మందు రాసి పంపించాడు. పాపం, అతను శాంపిళ్లు ఇవ్వడానికి వచ్చాడు.

బట్టల్లాగే సయాజీ జబ్బులకూ ఫ్యాషన్లు ఉండేవి. ఒక ఏడాది ఊరందరికీ విటమిన్ తక్కువ. మరో ఏడాది ఊరందరికీ మెడ ఎముక అరిగిపోయింది. సింహాచలం వచ్చిన ఏడాది యూరిక్ యాసిడ్‌ది.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదనను. ప్రతి రోగికీ ముందూ తర్వాతా మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కునేవాడు, నీళ్లు రాని రోజున కూడా బకెట్టు తెప్పించుకుని. దాన్ని ఎగతాళి చేయను. మీరూ కడుక్కోండి.

పైన ఉండే దారి

సింహాచలం సేక్కాన్ రేవులో క్రేన్ డ్రైవరు. అక్కడ అతన్ని కో టిన్ అంటారు. మనవాళ్లందరికీ ఇక్కడ రెండేసి పేర్లు ఉంటాయి కదా. వాళ్ల తాత అదే రేవులో వీపు మీద బియ్యం బస్తాలు మోశాడు. నాన్న బస్తాలకు కొక్కెం తగిలించేవాడు. మనవడు ఆ కొక్కేన్ని పైనుంచి ఆడించే క్యాబిన్‌లో కూర్చున్నాడు. ఆ క్యాబిన్ ఎంత ఎత్తంటే విమానాలు హారన్ కొట్టి పక్కకు తప్పుకుంటాయి. ఆ ఇంట్లో దేవుడి పటం తర్వాత పటం ఆ క్రేన్‌దే.

రేవులో ఏటేటా మెడికల్ ఉంటుంది. కిందటిసారి పోర్టు డాక్టరు అతని రక్తంలో చక్కెర చూసి, వచ్చేసారికి తగ్గకపోతే కిందకు దింపేస్తామన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గాల్లో కంటైనరు వేలాడుతుండగా డ్రైవరుకు కళ్లు తిరిగితే కింద ఉన్నవాడు ఏమవుతాడు? దింపేసినవాళ్లకు రేవు గేటు దగ్గర ఒక కుర్చీ ఇస్తారు. వచ్చే లారీలకు చెయ్యి ఊపడం పని.

సింహాచలం ఫోనులో ఒక కండల వీరుణ్ణి ఆశ్రయించాడు. ఆ వీరుడు ఎప్పుడూ చొక్కా వేసుకోడు. అన్నం విషం, రొట్టె విషం, అరటిపండు విషానికి మేనత్త కూతురు అని చెబుతాడు. మాంసం, గుడ్డు, ఆకులు తినమంటాడు. మనవాడు అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. చక్కెర దిగింది. పొట్ట దిగింది. లుంగీ కేవలం నమ్మకం మీద నిలబడింది. ఆ తర్వాత నొప్పులు మొదలయ్యాయి.

"ఎక్కడ నొప్పి?" అని అడిగాను.

"ఎక్కడ నేదో అడుగు సయా, బేగి సెప్పేస్తాను."

"ఎప్పట్నుంచి?"

"అన్నం ఒగ్గీసిన కాడ్నించి. పిక్కలు రాళ్లయిపోతన్నాయి. బుజాలు, తొడలు, పక్కటెముకల మజ్జిన కూడాను. మొన్న క్యాబిన్లో ఈ కుడిసెయ్యి కొంకర్లు పోనాది. కింద కంటైనరు ఏలాడతంది. ఎడంసేత్తో దించీసినాను."

నేను నవ్వలేదు. నేను నవ్వని సందర్భాలు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆ వేళ్లూ అరిగిపోయాయి.

"పోర్టు డాక్టరికి చెప్పావా?"

"సెప్తే దింపీడేటి? అన్నం తింటే సుగరు దింపేస్తాది, తినకపోతే నొప్పులు దింపేస్తన్నాయి. నాను ఆ పైన ఉండే దారేదో నువ్వే సెప్పాల."

"దారి తర్వాత. ముందు సెలవు పెట్టు. ఆ చేత్తో మళ్లీ క్రేన్ ఎక్కావంటే నేనే వెళ్లి చెప్పేస్తాను."

"ఏటి, నువ్వు మనోడివి కాదేటి?"

"కింద నిలబడేవాడు కూడా ఎవడో ఒకడికి మనోడే కదరా."

తిట్టుకుంటూ వెళ్లి, లేని బావమరిదికి పెళ్లి చేసి సెలవు తీసుకున్నాడు. మెడికల్ దగ్గరపడుతోంది. ఆలోగా చెయ్యి నిలబడాలి, చక్కెర లేవకూడదు. ఆ మెడికల్‌కు మేం మేధావులం ఎలా సాయపడ్డామో చెబుతాను.

అన్నం తిన్నావా?

అన్నం మానడానికి ప్రపంచంలో అనువుగాని చోటు ఏదంటే యాంగోనే. ఇక్కడ ఎదురుపడ్డ ప్రతి మనిషీ నమస్కారానికి బదులు "అన్నం తిన్నావా?" అంటాడు. ఇంటి దగ్గర్నుంచి బస్సు దాకా నడిచేలోపు సింహాచలాన్ని రెండువేల మంది అడిగేవారు. లేదంటే జాలిపడేవారు. టీకొట్టువాడు పైడమ్మ పుట్టింటికి పోయిందనుకుని, ఊరికే రెండు సమోసాలు పెట్టాడట. పైడమ్మ అంటే సింహాచలం భార్య. ఆమె పుట్టింటికి వెళ్లలేదు. వంటింట్లో అతని పథ్యం వండుతోంది. ఈ వాక్యాన్ని నేనప్పుడు పట్టించుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

మేం చేసిన వైద్యం

సయాజీ సింహాచలాన్ని మెట్ల మీదే చూసి యూరిక్ యాసిడ్ అన్నాడు. మాంసం మానెయ్యమన్నాడు. అన్నం ఫోను వీరుడు తీసేశాడు, మాంసం సయాజీ తీసేశాడు. మిగిలింది ఆకులు. ఇంకో వారం అదే సాగితే మనవాడు మేకలా అరిచేవాడే. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ శుభ్రంగా ఉంది. సయాజీ ఏమాత్రం తొణకకుండా బర్మీస్‌లో, "పరీక్ష తప్పయి ఉంటుంది" అన్నాడు. మాంసం మళ్లీ తినమని, దానికి బదులుగా నీళ్లు తాగమన్నాడు. బాగా తాగమన్నాడు. సింహాచలం తాగిన తాగుడికి ఐరావతి నది మట్టం తగ్గి పడవలు ఇసుకలో కూరుకున్నాయి. నొప్పులు మాత్రం పెరిగాయి.

ఇక నా వంతు. క్రేన్ క్యాబిన్‌కు అద్దం నేల ఉంటుంది. డ్రైవరు గంటల కొద్దీ ముందుకు వంగి కాళ్ల కిందకే చూస్తాడు. ఇంకేం, దొరికింది కారణం! వంగడం వల్ల మెడ, మెడ వల్ల భుజాలు, భుజాల వల్ల చేతులు. పిక్కలు దేనివల్లో నా సిద్ధాంతంలో చోటు దొరకలేదు, అందుకని పిక్కల్ని వదిలేశాను. వేసవిలో, కరెంటు లేని గదిలో, అతని చేత వ్యాయామాలు చేయించాను. ఆ పైన హీట్ ప్యాక్ కూడా పెట్టాను. అతని నుంచి కారిన చెమటతో ఒక చేపల చెరువు నడపొచ్చు. ఇంటికెళ్లేసరికి రెండు కాళ్లూ పట్టేసి, మెట్లు కూర్చుని ఎక్కాడు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెబుతాను. మేమిద్దరం అతన్ని "ఏం తింటున్నావు?" అని అడిగాం. "మాంసం, గుడ్డు, ఆకుకూర" అన్నాడు. తల ఊపాం. రోగి జవాబు మన సిద్ధాంతానికి అడ్డు రాకపోతే తల ఊపడం మన వృత్తిలో పెద్ద జబ్బు. దానికి సయాజీ దగ్గర కూడా మందు లేదు.

చిమిండైంగ్‌లో భోజనం

పైడమ్మ నన్ను భోజనానికి పిలిచింది. ప్రేమతో అనుకుని వెళ్లాను. వాళ్ల ఇల్లు చిమిండైంగ్ బజారు దగ్గర తొమ్మిదో అంతస్తులో (మీ తరుగు మీరు తీసుకోండి). కింద వేలాడుతున్న తాడు లాగితే పైన గంట మోగింది, తాడుకున్న క్లిప్పుకి తగిలించి పైడమ్మ తాళంచెవి దించింది. ఎక్కాను. దారిలో రెండుసార్లు వీలునామా ఆలోచించాను.

చాప మీద వడ్డన చూస్తే ప్రాణం లేచి వచ్చింది. వేడన్నం, ఎండురొయ్యలు వేసిన గోంగూర, మిరపకాయలతో నూరిన ఙపీ, ఎండుచేప పులుసు, ఆవకాయ. ఙపీ అంటే తెలుసుగా, చేపల్ని ఉప్పులో మగ్గబెట్టిన ముద్ద. దాని వాసనకు వీధిలో పిల్లులు వరసలో నిలబడతాయి. ఇదంతా నాకూ పిల్లలకూ. సింహాచలం కంచంలో ఉడికించిన కోడి, ఉడికించిన గుడ్లు, ఉడికించిన ఆకులు ఉన్నాయి. మూడింటిదీ ఆసుపత్రి గోడ రంగే.

నేను మొదటి ముద్ద కలుపుతుండగానే పైడమ్మ అందుకుంది.

"ఏటన్నియ్యా, నీ కాడికొచ్చినాక ఈ మనిషి ఇంకా ముడుసుకుపోతన్నాడు? సాకిరేవులో గుడ్డలాగ పిండీసినావేటి?"

"వ్యాయామం చేయించానమ్మా..."

"యాయామం! పాక్కుంటా వొచ్చినాడు ఇంటికి. అందుకా నీకు సదువు సెప్పించినారు మీయమ్మా నాన్నా?"

"తిననీవే ఆయన్ని," అన్నాడు సింహాచలం.

"తింతన్నాడు కదా. నోరు ఆడతంది, సెవులు కాళీయే కదా."

ఇలాంటప్పుడు నేను ఎదుటివాడి కంచంలో చెయ్యి పెడతాను. మా ఇంట్లో తాత ముత్తాతల నుంచీ అదే ఆచారం. సింహాచలం కంచంలోంచి కోడికాలు లాగి కొరికాను. నమిలాను. మళ్లీ నమిలాను. తడిసిన వార్తాపత్రిక నమిలినట్టుంది.

"పైడమ్మా, ఇందులో ఉప్పు మర్చిపోయావు."

"మర్సిపోనేదు. పత్తెం కదా."

"పథ్యమైతే?"

ఆమె నన్ను చూసిన చూపు మా సయాజీ కూడా ఎప్పుడూ చూడలేదు. "పత్తెం కూట్లో ఉప్పేస్తారేటన్నియ్యా? మా మావకి ఒళ్లు వాసినప్పుడు వేసినారా? మా యత్తకి కామెర్లొచ్చినప్పుడు వేసినారా? సప్పిడి కూడే కదా. అప్పుడే కదా మందు పన్జేస్తాది."

"ఫోనులో ఆయన ఉప్పు మానమన్నాడా?"

"ఆడికేటి తెలుసు పత్తెం? సొక్కా ఏసుకోడమే తెల్దు ఆడికి."

సింహాచలం వైపు తిరిగాను. "ఆవకాయ తినడంలేదా?"

"అన్నం నేకండా ఆవకాయెవడు తింతాడు సయా? నానేటి, పిచ్చోణ్నా?"

"ఙపీ?"

"అదీ అన్నంలోకే కదా."

"ఎండుచేప?"

నా కంచంలోని ఎండుచేప వంక, పెళ్లయిపోయిన పాత ప్రేయసిని చూసినట్టు చూశాడు.

నా నోట్లో కోడి అలాగే ఉంది. అన్నం ఒక్కటే వెళ్లిపోయిందనుకున్నాం. అది పోతూ పోతూ ఆవకాయను, ఙపీని, ఎండుచేపను, పులుసును వెంటబెట్టుకుపోయింది. మన ఇళ్లలో ఉప్పు కాపురం ఉండేది వాటిలోనే. మిగిలిన కాస్తా పైడమ్మ భక్తితో తీసేసింది. అన్నం, రొట్టె లాంటివి బాగా తగ్గిస్తే ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువగా బయటికి పోతాయి. ఇది చదువుకున్నదే, నాకూ తెలుసు, సయాజీకీ తెలుసు. పైగా ఇతను ఎండలో కాగే క్యాబిన్‌లో కూర్చుని చెమట కారుస్తాడు. పైగా అతనికి బీపీ కూడా ఉంది, దానికి వాడే మాత్ర నీరు తీసేసే రకం. పైగా మేం పట్టించిన నీళ్లు. ఉప్పు బయటికి పోవడానికి దార్లన్నీ తెరిచి, లోపలికి వచ్చే ఒక్క తలుపూ గడియ పెట్టి, మెడ ఎందుకు నొప్పి అని అందరం ఆలోచిస్తున్నాం.

"ఉప్పు తింటున్నావా అని నన్నెవులూ అడగనేదు కదా," అన్నాడు సింహాచలం.

నిజమే. కానీ మన భాషలో ఒక మగాణ్ణి ఆ ప్రశ్న అడిగితే జవాబు చెంప మీద వస్తుంది.

డాక్టరమ్మ

అప్పుడే ఆవకాయ తినిపించేసి వీరుణ్ణి అయిపోదామని నాకూ అనిపించింది. బీపీ ఉన్నవాడు, అందుకని ఆగాను. మీరు కూడా ఆగండి. నొప్పి ఉన్న ప్రతివాడికీ ఉప్పు నాకించారంటే కొందరు మీ బల్ల మీదే పోతారు. మరునాడు అతన్ని మా క్లినిక్‌లో కొత్తగా చేరిన డాక్టరమ్మ మ ఖిన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకు ఇంకా ఫ్యాషన్లు అంటలేదు. మొత్తం విన్నది, నవ్వలేదు, రక్తంలో ఉప్పు చూడమంది. తక్కువగా ఉంది.

బీపీ మాత్ర మార్చింది. వంటలో ఎంత ఉప్పు వెయ్యాలో పైడమ్మకు చెంచాతో చూపించింది. దాహం వేస్తేనే నీళ్లు తాగమంది. మధ్యాహ్నం పిడికెడు అన్నం తినమని, చక్కెర ఎంత ఉందో చూసుకుంటూ ఉండమంది.

"పిడికెడంటే ఎవరి పిడికెడు?" అని సింహాచలం ఆశగా అడిగాడు. తన పిడికిలి కొబ్బరికాయంత ఉంటుంది. డాక్టరమ్మ తన పిడికిలి చూపించింది. నిమ్మకాయంత ఉంది. అతను ఏడుపు ఆపుకున్నాడు.

పైడమ్మ మాత్రం బస్సు దిగేటప్పుడు, "నానే సేసినానా అన్నియ్యా ఇదంతా?" అంది. నువ్వు కాదమ్మా, నువ్వు అడక్కుండా చెప్పలేదు, మేం చదువుకుని కూడా అడగలేదు అన్నాను. కోతలు కోయకుండా నేను చెప్పిన ఓదార్పు అదొక్కటే అనుకుంటా.

సయాజీ ఈ సంగతి విని, "నేను మొదట్నుంచీ అదే అనుకున్నాను" అన్నాడు. చేతులు కడుక్కున్నాడు.

నొప్పులు మెల్లగా దిగాయి. ముందు పిక్కలు, తర్వాత భుజాలు. చేతివేళ్లు ఆఖరున. అతని చేత నా చెయ్యి నొక్కించి చూసేవాణ్ణి. నా బొటనవేళ్లు ఇంత తొందరగా రిటైరవడానికి అది కూడా ఒక కారణం.

మెడికల్

మెడికల్ రోజున పోర్టు డాక్టరు సింహాచలం రిపోర్టు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. "ఈ రక్తం నీదేనా?" అన్నాడు. చెయ్యి చాపమంటే మనవాడు డాక్టరును కుర్చీతో సహా ఒంటిచేత్తో ఎత్తి, కిటికీలోంచి నది చూపించి, జాగ్రత్తగా దించాడు. డాక్టరు కన్నీళ్లతో నా పేరు అడిగి తెలుసుకున్నాడు. రేవులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారి కూత వేశాయి.

పై పేరా నేను పుట్టించింది. మిగతావి పెంచినవి. పెంచడానికీ పుట్టించడానికీ తేడా ఉంది, అందుకని చెబుతున్నాను. ఆ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. నేనూ పైడమ్మా బయట ఎండలో నిలబడ్డాం. ఆమె చేతిలో టిఫిన్ క్యారియరు ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను మాట్లాడకుండా ఉన్నానంటే మీరు నమ్మరు, అయినా అది నిజం.

సింహాచలం బయటికి వచ్చాడు. మా ఇద్దరి ముఖాలూ చూడకుండా ఆమె చేతిలోంచి క్యారియరు తీసుకుని, మెట్టు మీద కూర్చుని మూత తీశాడు. నిమ్మకాయంత అన్నం, ఎండుచేప ముక్క. కలుపుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు.

"ఏటయింది? సెప్పవేటి?" అంది పైడమ్మ.

నోటి నిండా అన్నం. మెతుకులంటిన చెయ్యి ఎత్తి, రేవు మీదున్న తన క్రేన్ వైపు చూపించాడు.

పైడమ్మ పైకి చూడలేదు. ఆ వేళ్లనే చూస్తూ ఉంది. అవి తిన్నగా ఉన్నాయి.